తాతయ్య కుట్టేసిన జవాబులు

నా చిన్నప్పుడు లెక్కల పుస్తకం వెనక నుంచి మొదలయ్యేది. అందరికీ కాదు, నాకు. పుస్తకం చేతిలోకి తీసుకోగానే వేళ్ళు వాటంతటవే చివరి పేజీల మీదికి పోయేవి. అక్కడ చిన్న అక్షరాల్లో జవాబులన్నీ వరసగా ఉండేవి. ముందు జవాబును నోటుబుక్కులో కింద రాసుకునేదాన్ని. ఆ తర్వాత పైన లెక్క ఎక్కించేదాన్ని. మధ్యలో ఖాళీ మిగిలేది కదా, దాన్ని ఏవో కూడికలతోనూ రెండు మూడు కొట్టివేతలతోనూ నింపేసి, చివరి వరస జవాబుతో కలిసేలా ఎలాగో లాక్కొచ్చేదాన్ని. ఆ పనిలో నాకున్న నేర్పు అంతా ఇంతా కాదు. అందులో సగం నేర్పు లెక్క చెయ్యడంలో చూపించి ఉంటే ఇప్పుడు ఇదంతా చెప్పుకోవలసిన పనే ఉండేది కాదు.

మేం టాటానగర్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలోనే ఇక్కడి రైల్వే గ్యాంగులో పనికి వచ్చాడు. పట్టాలు ఎత్తి, కంకర కొట్టి, చివరికి కీమ్యాన్ అయ్యాడు. నాన్న లోకో షెడ్డులో చేసేవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలోనూ హిందీయే. అప్పుడు నేను ఆరో తరగతి, చెల్లి ఐదు. చెల్లి నాకన్నా ఏడాదే చిన్నది కానీ తెలివి మాత్రం నాకన్నా పెద్దది. ఈ మాట ఇప్పుడు నవ్వుతూ అంటున్నాను గానీ అప్పట్లో ఎవరైనా అంటే నా ఒళ్ళు మండేది.

మా లెక్కల మాస్టారు మంచివారు. క్లాసులో పిల్లలు కిక్కిరిసి ఉండేవాళ్ళం. అన్ని నోటుబుక్కులూ ఆయనే దిద్దాలి కాబట్టి చివరి వరస మాత్రం చూసి టిక్కు పెట్టేవారు. నా నోటుబుక్కు నిండా ఎర్రటి టిక్కులే. అమ్మ వాటిని చూసి మురిసిపోయి పక్క క్వార్టరు వాళ్ళకి కూడా చూపించేది. నాకూ క్రమంగా లెక్కలు వచ్చేసినట్టే అనిపించడం మొదలైంది. అదే అసలు ప్రమాదం.

హాఫ్ ఇయర్లీ పరీక్షలో ప్రశ్నపత్రానికి వెనక పేజీలు లేవు. వందకి పదకొండు వచ్చాయి.

మాస్టారు అమ్మని బడికి పిలిపించారు. ఒక చేత్తో నా నోటుబుక్కు, ఇంకో చేత్తో పరీక్ష కాగితం పట్టుకుని, "హోంవర్క్ మే సబ్ సహీ, పరీక్షా మే గ్యారహ్. యే కైసే?" అన్నారు. ఇంటి దగ్గర అన్నీ ఒప్పులే, ఇక్కడ పదకొండేమిటని ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. సంవత్సరం చివరి పరీక్షలో కూడా ఇలాగే వస్తే ఇదే క్లాసులో మళ్ళీ కూర్చోవలసి వస్తుందని చెప్పారు. అమ్మ దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక మాత్రం నా వీపు మాట్లాడింది.

దెబ్బలకి నేను ఏడవలేదు. ఏడిపించింది చెల్లి. అది ఎక్కడి నుంచి విందో, గుమ్మంలో నిలబడి, "అక్కా, వచ్చే ఏడు మనిద్దరం ఒకటే బెంచీ. నీకు గోడ పక్కని జాగా ఉంచుతాన్లే" అంది. అది వెక్కిరించిందని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నిజంగానే జాగా ఉంచుదామనుకుందేమో. ఏమైనా, నా చెల్లెలి పక్కన అదే పుస్తకం పట్టుకుని కూర్చోవడమన్న ఊహే నాకు ఊపిరి ఆడనివ్వలేదు. బడంతా నన్ను వేలెత్తి చూపిస్తుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మరునాడు సాయంత్రం తాతయ్య డ్యూటీ దిగి, స్నానం చేసి, టీ గ్లాసుతో వరండాలో కూర్చుని నన్ను పిలిచాడు. "ఏటే గుంటా, లెక్కలు ఎలగ సేత్తావో సూపించు" అన్నాడు. మా తాతయ్య చదివింది మూడో తరగతి. అదీ ఊళ్ళో, తెలుగులో. నా హిందీ పుస్తకంలో ఒక్క అక్షరం ఆయనకి రాదు. మైలురాళ్ళ మీది అంకెలు మాత్రం వచ్చు. ఈయన ముందు దాపరికం ఎందుకులే అనుకుని పుస్తకం తెరిచాను. నా చెయ్యి అలవాటు చొప్పున తిన్నగా వెనక్కి పోయింది.

తాతయ్య లేచాడు. లోపలికి వెళ్ళి గోనెసంచులు కుట్టే దబ్బనం, పురికొస పట్టుకొచ్చాడు. జవాబుల పేజీలన్నీ ఒక దగ్గరికి చేర్చి, అంచు వెంబడి బియ్యం బస్తా మూతి కుట్టినట్టు కుట్టేశాడు. చివర్న ఒక ముడి వేసి, పళ్ళతో లాగి మరీ బిగించాడు. నేను లబోదిబోమన్నాను. పుస్తకం పాడు చేసేశాడని అమ్మకి చెప్పాను. అమ్మ వచ్చి చూసి, ముడి గట్టిగా ఉందో లేదో ఒకసారి లాగి చూసుకుని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం పొద్దున్నే తాతయ్య నన్ను తన బీటు మీదికి తీసుకెళ్ళాడు. బీటంటే ఆయన రోజూ నడిచి చూసుకోవలసిన లైను ముక్క. ఆ రోజుల్లో చాలాచోట్ల పట్టాల కింద అడ్డంగా పరిచే స్లీపర్లు ఇనుపవే. పట్టాని స్లీపరుకి బిగించి ఉంచేది మేకులాంటి ఒక ఇనుప ముక్క. దాన్ని కీ అంటారు. బండ్లు పోయే అదురుకి ఆ కీలు కొద్దికొద్దిగా వదులవుతాయి. రోజూ బీటంతా నడిచి, వదులైన కీని సుత్తితో కొట్టి బిగించడం కీమ్యాన్ పని. పట్టాల మధ్యకి రాకూడదనీ, పక్కనున్న కాలిబాట దిగకూడదనీ నాతో మూడుసార్లు చెప్పించుకున్నాక గానీ తాతయ్య కదల్లేదు. బండి వచ్చే వేళకి నన్ను ఇంకా దూరం జరిపి, అది పోయేదాకా నా జబ్బ వదల్లేదు.

ఆయన నడుస్తూ కీల మీద సుత్తితో తట్టేవాడు. బిగువుగా ఉన్న కీ ఖంగుమనేది. వదులుగా ఉన్నది చప్పగా, నోట్లో నీళ్ళు పెట్టుకుని మాట్లాడినట్టు మోగేది. కాసేపటికి నా చెవికి కూడా ఆ తేడా పట్టుబడింది. ఆయన తడుతుంటే నేను "గట్టి", "గట్టి" అంటూ నడిచాను. లెక్కలు గుర్తు రాని ఆదివారం దొరికిందని లోపల్లోపల సంబరపడుతున్నాను కూడా. దూరంగా దల్మా కొండ మీద మబ్బు దిగి ఉంది. అలా గేటు కాపలా మనిషి ఉండే గుమటీ దాకా వెళ్ళాం. అక్కడ మా అమ్మ కట్టిచ్చిన చపాతీలు తిన్నాం.

మూట కడుతూ తాతయ్య, "ఏటే, లైను బాగుందా?" అని అడిగాడు.

"బాగుంది తాతా, అన్నీ గట్టిగానే ఉన్నాయి" అన్నాను.

తిరుగుదారి పట్టాం. అప్పుడు చూశాను, వెళ్ళేటప్పుడు తాతయ్య ఒక పట్టా వెంబడి వెళ్ళాడు. వచ్చేటప్పుడు రెండో పట్టా వెంబడి వస్తున్నాడు. నేను మళ్ళీ "గట్టి", "గట్టి" అంటున్నాను. కొంత దూరం వచ్చాక ఒకచోట సుత్తి చప్పగా మోగింది. "తాతా, లూజు!" అని అరిచాను. ఏదో నిధి దొరికినంత ఆనందమైంది.

తాతయ్య ఆగి నా వైపు చూశాడు. "ఇది ఏ లైనే?"

"మన లైనే."

"ఇందాక బాగుందన్నావు గదా?"

"ఇందాక అటు పట్టాయే కదా చూశాం."

"మరదే. సగం సూసి బాగుందనేశావు" అన్నాడు. కీని నాలుగు దెబ్బలు కొట్టి బిగించి, మళ్ళీ తట్టి, ఖంగుమన్నాక ముందుకి కదిలాడు. లెక్కల మాటే ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను ఏదో ఒక సాకు చెప్పేదాన్ని. ఎత్తలేదు కాబట్టి ఇల్లు చేరేదాకా 'సగం సూసి' అన్న ఆ మాటే నా వెంట నడిచింది. నా నోటుబుక్కు నిండా ఉన్న ఎర్ర టిక్కులు ఒక్కొక్కటే గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ సాయంత్రమే నా బీటు మొదలైంది. రోజుకి ఐదు లెక్కలు, అంతే. ఒకటి తక్కువైతే ఊరుకునేవాడు కాదు. ఉత్సాహం వచ్చి ఆరోది మొదలుపెట్టినా ఊరుకునేవాడు కాదు. తాతయ్య స్నానం చేసి టీ గ్లాసుతో కూర్చునే వేళకి నేను చాప మీద సిద్ధంగా ఉండాలి. "నీ పుస్తకంలో ఉన్నది నాకు రాదు. నువ్వు నోటితో సెప్పుకుంటా సెయ్యి, నానింటాను" అన్నాడు. ఆయనకి తెలియడం కోసం నేను ప్రతి వరసా తెలుగులోకి మార్చి చెప్పాలి. మూడు బటా నాలుగు అన్న భిన్నం అంటే ఏమిటో, కింద ఉన్న అంకెలు రెండూ ఒకటి ఎందుకు కావాలో, అన్నీ. మొదటి వారం నాకు చచ్చే చావైంది. నాకే తెలియనిది ఇంకొకరికి ఎలా చెప్పను?

అక్కడే తాతయ్య నన్ను పట్టేసేవాడు. నేను గడగడా చెప్పుకుపోతుంటే కళ్ళు మూసుకుని టీ తాగేవాడు. ఎక్కడో ఒకచోట, తెలియని వరస మీదికి వచ్చేసరికి, నేను గొంతు తగ్గించి గబగబా దాటేయబోయేదాన్ని. వెంటనే కళ్ళు తెరిచి, "ఆగు. ఇక్కడ లూజుగా ఇనిపించింది. మళ్ళీ సెప్పు" అనేవాడు. ప్రతిసారీ సరిగ్గా నాకు రాని చోటే. ఒక్కసారి కూడా గురి తప్పలేదు. కొన్నాళ్ళకి నాకు అనుమానం వచ్చింది, ఈయనకి లెక్కలన్నీ వచ్చేమో, రానట్టు నటిస్తున్నాడేమో అని. అడిగేశాను కూడా.

"నాకు లెక్కెక్కడొచ్చే?" అని నవ్వాడు. "నాకు నీ గొంతు తెలుసు. ఇన్నేళ్ళు ఇనపముక్క గొంతు ఇన్నోడికి మనవరాలి గొంతు తెల్దేటి?"

లెక్క చివరికి చేరగానే, "ఎల్లొచ్చావేటి?" అని అడిగేవాడు. వెళ్ళడం ఒక్కటే కాదు, రెండో పట్టా మీద తిరిగి కూడా రావాలి. ఎలా రావాలో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. "మీ మాస్టర్ని అడుగు, ఆరికి తెలుత్తాది" అన్నాడు. బడిలో నేనై నేను చెయ్యెత్తి మాస్టారిని ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ఆయన నన్ను వింతగా చూసి, తర్వాత కుర్చీ పక్కన నిలబెట్టుకుని ఓపిగ్గా చెప్పారు. కూడితే తీసివేసి చూడాలి, భాగిస్తే గుణించి చూడాలి. బయలుదేరిన అంకెకే మళ్ళీ చేరుకుంటే దారి సరైనట్టు. చేరకపోతే మధ్యలో ఎక్కడో వదులుగా ఉన్నట్టు. ఎంత వెతికినా దొరకని చోట తాతయ్య నాచేత ఒక సున్నా చుట్టించేవాడు. మరునాడు కొత్త లెక్కకన్నా ముందు ఆ సున్నా దగ్గరికే పోవాలి. ఆయన కూడా అనుమానమున్న చోట సుద్దతో గుర్తు పెట్టుకుని, మర్నాడు ముందు అక్కడే వంగి చూసేవాడట.

దుర్గాపూజకి పందిళ్ళు వేసిన రోజుల్లోనూ బీటు ఆగలేదు. వాన పడితే చాప వరండాలోంచి లోపలికి మారేది, అంతే. ఒక్కసారి మాత్రం నాకు జ్వరం వచ్చి మూడు రోజులు లేవలేకపోయాను. రైల్వేలో ఒక మనిషికి సెలవైతే ఆ పని చెయ్యడానికి ఇంకో మనిషిని పంపుతారు. ఆ మనిషిని రెస్ట్ గివర్ అంటారు. "నాను నీకు రెస్ట్ గివర్ని, నువ్వు తొంగో" అని తాతయ్య నా నోటుబుక్కు తీసుకుని నా మంచం పక్కనే కూర్చున్నాడు. పుస్తకంలో అక్షరాలు లేకుండా ఉత్త అంకెలే ఉన్న లెక్కలు వెతికి, రోజుకి ఒకటి చొప్పున, పెద్ద పెద్ద వంకర అంకెలతో గుణకారాలు చేశాడు. పెన్సిలు నాలిక మీద తడుపుకుంటూ ఒక్కొక్క లెక్కకి అరపూట తీసుకునేవాడు. అమ్మ చూసి నవ్వితే, "బీటు కాళీగా ఉండకూడదు కోడలా" అన్నాడు.

జ్వరం తగ్గాక ఆ లెక్కల మీద నేను రెండో పట్టా పట్టుకుని తిరిగి వచ్చాను. రెండు బాగున్నాయి. మూడోదాంట్లో చేతిలో ఉంచుకున్న రెండు కలపడం మరిచిపోయాడు. "తాతా, ఇక్కడ లూజు" అన్నాను. ఆయన వంగి చూసి, నేను చూపించిన చోట మళ్ళీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "ఓలమ్మో, నిజమే గదే!" అన్నాడు. ఆ ముఖంలో ఎంత వెలుగు! తప్పు దొరికితే దెబ్బలు తినడమే తప్ప అలా సంతోషించవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. లెక్కలంటే భయం నాకు ఎప్పుడు పోయిందని ఎవరైనా అడిగితే ఆ పూటే అని చెబుతాను.

సంవత్సరం చివరి పరీక్ష ముందురోజు మాత్రం పాత భయం తిరిగి వచ్చింది. పుస్తకం మొత్తం ఒక్క రోజులో చేసేస్తానని కూర్చున్నాను. తాతయ్య ఐదు లెక్కలయ్యాక పుస్తకం మూసేశాడు. "రేపు పెద్ద బండి వత్తాదని ఇయ్యాల పట్టాలన్నీ పీకి బిగిత్తామేటి? రోజూ సూసుకున్న లైనే. ఎల్లి ఆడుకో" అన్నాడు. నేను ఆడుకోలేదు గానీ, అన్నం మాత్రం తిన్నాను.

పరీక్షలో అన్నీ చేసేసరికి ఇంకా కొంత టైము మిగిలింది. పక్క పిల్లలు కాగితాలు ఇచ్చేసి వెళ్ళిపోతున్నారు. నేను మొదటి లెక్క నుంచి మళ్ళీ తిరుగుదారి పట్టాను. నాలుగో లెక్క భిన్నాల భాగహారం. వచ్చిన జవాబును గుణించి వెనక్కి నడిస్తే బయలుదేరిన చోటికి చేరలేదు. ఒక్కో వరసా పెదాలతో చెప్పుకుంటూ వెళ్ళాను. రెండో వరస దగ్గర నా గొంతు నాకే చప్పగా వినిపించింది. తిరగేయవలసిన భిన్నాన్ని వదిలేసి దాని పక్కదాన్ని తిరగేశాను. దిద్దుకున్నాను. మళ్ళీ వెనక్కి నడిచాను. ఈసారి చేరింది.

బడి నుంచి వచ్చేసరికి తాతయ్య వరండాలో ఉన్నాడు. ఎలా రాశావనీ అడగలేదు, ఎన్ని మార్కులొస్తాయనీ అడగలేదు. "ఎల్లొచ్చావేటి?" అన్నాడు. "వచ్చాను తాతా. ఒకటి లూజు దొరికింది, బిగించేశాను" అన్నాను. అంతే, ఆయన నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. ఫలితాలు వచ్చాక చూస్తే యాభై ఎనిమిది. నేను ఏడో తరగతికి వెళ్ళాను. ఆ యాభై ఎనిమిదిని తాతయ్య గ్యాంగులో అందరికీ చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది.

పుస్తకం ఆనవాయితీ ప్రకారం చెల్లికి పోయింది, వెనక పేజీలకి కుట్టు అలాగే ఉండగా. నాకు ఆ కుట్టు విప్పాలన్న మాటే తోచలేదు. చెల్లి మాత్రం మొదటి వారంలోనే బ్లేడుతో పురికొస తెంపేసింది. అయినా క్లాసులో మొదటి మార్కులు దానికే. అది లెక్క పూర్తిగా చేసుకున్నాకే వెనక్కి తిప్పేది. జవాబు చూడ్డం తప్పు కాదనీ, ముందు చూడ్డమే తప్పనీ నాకు దాన్ని చూశాకే తెలిసింది. ఈ మాట దానితో ఇప్పటికీ అనలేదు. అంటే నెత్తినెక్కి కూర్చుంటుంది.

పెద్దయ్యాక నేను లెక్కల పండితురాలినేమీ కాలేదు. ఒక ఆసుపత్రి మందుల గదిలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. చీటీ చూసి మందు తీసేదాన్ని, మందు చూసి మళ్ళీ చీటీ చదివేదాన్ని. తోటివాళ్ళు ఎందుకంత చాదస్తం అని విసుక్కునేవారు. మా తాతయ్య నేర్పాడని చెబితే ఆయన డాక్టరా అని అడిగేవారు.

ఇప్పుడు మా ఇంట్లో మనవరాలు తొమ్మిదో తరగతి. టాటానగర్ స్టేషనుకి దగ్గర్లోనే జుగ్సలాయిలో మాది చిన్న ఇల్లు. పిల్ల లెక్కని ఫోనుతో ఫోటో తీస్తే జవాబు, మధ్య వరసలతో సహా, చిటికెలో వచ్చేస్తుంది. అది చూసి రాసేస్తుంది. అన్నీ ఒప్పులే. మొన్న యూనిట్ టెస్టులో మాత్రం మార్కులు రాలేదని గదిలో ఒక్కతే కూర్చుని ఏడ్చింది. ఫోనుని దబ్బనంతో కుట్టలేం కదా. అందుకని ఆ సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని దాని పక్కన కూర్చున్నాను. ఐదు లెక్కలు చాలన్నాను. పైకి చెబుతూ చెయ్యమన్నాను.

నేను తెలుగులో అడుగుతాను, అది హిందీలో జవాబిస్తుంది. మా ఇంట్లో అది మామూలే. దాని బీజగణితం నాకు సగం అర్థం కాలేదు. కళ్ళు మూసుకుని వింటున్నాను. మూడో లెక్క మధ్యలో దాని గొంతు కిందికి దిగి, గబగబా పరుగెత్తింది.

"ఆగమ్మా. ఇక్కడ లూజుగా వినిపించింది" అన్నాను.

అది నా వైపు తేరి చూసి, "దాదీ, ఆప్‌కో మ్యాథ్స్ ఆతా హై క్యా?" అంది.

"నాకు లెక్కెక్కడొచ్చే? నీ గొంతు తెలుసు" అన్నాను. అంటూండగానే నాకు కళ్ళు చెమర్చాయి. ఆ మాట నా నోటితో పలుకుతానని ఎన్నడూ అనుకోలేదు.

అది నవ్వి, మళ్ళీ ఆ వరస దగ్గరికి పోయింది. అటు నుంచి ఇటు మార్చిన అంకెకి గుర్తు మార్చలేదట. దిద్దుకుంది. తిరిగి రావడం ఎలాగో, వచ్చాక తాతయ్య నన్ను ఏమని అడిగేవాడో చెప్పాను. జవాబు తీసుకుని కింద నుంచి పైకి, వరస వెంట వరస, గట్టిగా చదువుకుంటూ నడిచింది. తాతయ్య నుంచి నాకు మిగిలింది ఆ వినడమే. ఆ సుత్తి ఆయన రిటైరైన రోజే రైల్వేకి తిరిగి ఇచ్చేశాడు, ఆ పుస్తకం ఏ పాత కాగితాల వాడికో పోయింది. ఆయన చెవి మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

పై వరసకి చేరగానే పిల్ల పెన్ను పక్కన పెట్టింది. మామూలుగా అయితే అయిపోయిందని హిందీలో 'హో గయా' అనేది.

"ఎల్లొచ్చాను, నానమ్మా" అంది.

ఆ గొంతులో ఎక్కడా లూజు లేదు.